ఇరవై అంగుళాల చెట్టు

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున మా గోలీ ఫోన్ చేశాడు. ఒకప్పుడు మా రబ్బరు తోట హాకీ జట్టుకి గోల్‌కీపర్ అతను. ఇద్దరం ముసలాళ్ళమైపోయినా నేను అతన్ని గోలీ అనే పిలుస్తాను, అతను నన్ను కెప్టెనూ అని వెక్కిరిస్తాడు. ఏ కబురైనా వానల దగ్గర మొదలుపెట్టి, చేపల రేటు మీదుగా తిరిగి, చిట్టచివర అసలు సంగతికి వచ్చే మనిషి. ఆ రోజు వాన ఊసే ఎత్తలేదు.

"డ్రెస్సరు బాబు ఎల్లిపోయినాడురా," అన్నాడు. "నిద్దట్లోనే. కోడలు కాఫీ అట్టుకెళ్తే లెగనేదట."

నేనుండేది తెలుక్ ఇంటాన్‌లో. మా అబ్బాయి కారులో నన్ను తోటకి, సుంగై సుమున్‌కి తీసుకెళ్ళాడు. ఎనభై ఏడేళ్ళ మనిషి పోతే ఇంత దిగులేమిటి నాన్నా అన్నాడు దారిలో. అది దిగులు కాదు, ఆశ్చర్యం. ఆయన జన్మలో దేనికీ తొందరపడలేదు. చావు కూడా వచ్చి ఆయన వరండాలో బెంచీ మీద కొన్నాళ్ళు కూర్చోవాల్సిందే అని నాలో ఎక్కడో ఒక నమ్మకం ఉండిపోయింది.

మలేషియా తెలుగు సంఘం వాళ్ళు సంచికకి ఆయన గురించి నాలుగు ముక్కలు రాయమన్నారు. తోట బడిలో ఆరో తరగతి దాకా చదివి, రబ్బరు చెట్లు గీసి బతికినవాణ్ణి నేను. రాతలో తప్పులుంటే సర్దుకోండి. మనిషి గురించి మాత్రం తప్పు రాయను.

ఇప్పటి పిల్లలకి డ్రెస్సర్ అంటే తెలియదు. తోటలో చిన్న ఆసుపత్రి ఉండేది, దానికి డాక్టరు నెలకోసారి కారులో వచ్చిపోయేవాడు. మిగిలిన ఇరవై తొమ్మిది రోజులూ డ్రెస్సరే డాక్టరు. కట్లు కట్టేదీ, పురుళ్ళు చూసేదీ, పొద్దున్నే పేరు పిలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరి నోట్లో మలేరియా మాత్ర వేసి మింగేదాకా కదలనివ్వనిదీ ఆయనే. తెల్ల నిక్కరు, మోకాళ్ళదాకా మేజోళ్ళు, ఒంటినిండా టింక్చర్ వాసన. మెడలో స్టెతస్కోపు ఉండాల్సిన చోట ఎప్పుడూ ఒక కొలత టేపు వేలాడుతుండేది. ఆ టేపు గురించే ఇదంతా రాస్తున్నాను.

యుద్ధానికి ముందు మా తోటకి మంచి హాకీ జట్టు ఉండేదట. జిల్లా తోటల కప్పు రెండుసార్లు తెచ్చారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన డ్రెస్సరుగారు అందులో లెఫ్ట్ హాఫ్ ఆడేవారు. తర్వాత జపాన్‌వాళ్ళు వచ్చారు. ఒకరోజు పొద్దున పేరు పిలుపు దగ్గర మగవాళ్ళని వరసగా నిలబెట్టి, ఏరి, లారీలెక్కించి సయాం అడవుల్లో రైలు దారి వేసే పనికి తోలేశారు. పదకొండు మంది ఆటగాళ్ళలో ఎనిమిది మంది ఆ లారీల్లో వెళ్ళారు. మందుల పెట్టెతో సహా డ్రెస్సరుగారినీ ఎక్కించారు. యుద్ధం అయ్యాక ఆ ఎనిమిదిలో తిరిగొచ్చింది ఆయనా, ఇంకొకాయనా. ఆ రెండో ఆయన కూడా ఏడాది తిరక్కుండానే పోయాడు.

అక్కడ ఏం జరిగిందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఒక్కసారి మాత్రం, నేను అడక్కుండానే, "జట్టు పోడానికి ఒక్క పూట సాలిందిరా," అన్నారు. అంతే. చేతిలో ఉన్న పట్టీ చుట్టడం మళ్ళీ మొదలుపెట్టారు.

అడవుల్లో తిరగబడ్డ కమ్యూనిస్టుల మీద తెల్లదొరలు ఎమర్జెన్సీ పెట్టిన రెండో ఏడు. నాకు పంతొమ్మిది. చెట్టు గీసే కత్తి జారి బొటనవేలు తెగితే ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఉన్నాను. లోపల మేనేజరు దొర బోర్లా పడుకుని ఉన్నాడు, మెడ మీద సెగ్గడ్డ. డ్రెస్సరుగారు దాన్ని కోసి కడుగుతున్నారు. దొర ఊరుకోకుండా తోట సంగతులు మాట్లాడుతున్నాడు. నాకు ఇంగ్లీషు సగమే తెలిసింది, మిగతా సగం తర్వాత ఆయనే చెప్పారు.

రబ్బరు ధర బాగా పెరిగిన రోజులవి. ఖాళీగా ఉన్న ప్రతి గజంలోనూ మొక్కలు వేయిస్తున్నారు. మా ఆట మైదానాన్ని, మేమంతా పాదాంగ్ అనేవాళ్ళం దాన్ని, వచ్చే నెల దున్నించేస్తున్నానన్నాడు దొర. ఆడేవాళ్ళే లేని నేల ఊరికే పడి ఉంది కదా అన్నాడు.

"జట్టు మళ్ళీ కడతాను," అన్నారు డ్రెస్సరుగారు.

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"మీరు రబ్బరు మొక్క వేసి పాలకి ఎన్నాళ్ళు ఆగుతారు?"

"ఏడేళ్ళు."

"నాకూ అంతే ఇవ్వండి."

దొరకి నవ్వొచ్చింది, నవ్వితే మెడ లాగింది, తిట్టుకున్నాడు. తోటల్లో పెరిగినవాళ్ళకి తెలుసు, రబ్బరు చెట్టుని వయసు చూసి గీయరు. మూడున్నర అడుగుల ఎత్తున టేపు చుడతారు. ఇరవై అంగుళాలు వస్తే చెట్టు గీతకి వచ్చినట్టు. పంతొమ్మిదిన్నర ఉన్నా కత్తి తగలనివ్వరు, ముందే గీస్తే చెట్టు జన్మంతా గిడసబారిపోతుంది. దొరా అదే లెక్క పెట్టాడు. పాదాంగ్ మూల ఒక మొక్క నాటు, అది గీతకి వచ్చిన ఏడు మీరు జిల్లా కప్పు తెస్తే నేల మీది, తేకపోతే నాది, అన్నాడు. డ్రెస్సరుగారు కట్టు కట్టడం పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని, దొరతో చెయ్యి కలిపారు. తర్వాత బయటికొచ్చి నా బొటనవేలు చూస్తూ, "హాకీ ఆడతావేటి?" అన్నారు. కుట్లు పడుతున్న మనిషి కాదంటాడా?

ఆటగాళ్ళని ఆయన ఏరిన పద్ధతి చూసి తోటంతా నవ్వుకుంది. మధ్యాహ్నం రబ్బరు పాలు తూచే షెడ్డు దగ్గర సైకిలు ఆనించి నిలబడేవారు. మేం కావిడికి రెండు వైపులా పాల బకెట్లు తగిలించుకుని బురదలో, మిట్టపల్లాల్లో నడిచొచ్చేవాళ్ళం. ఎవడి బకెట్లో పాలు తొణకలేదో వాడి పేరు అడిగేవారు. పరిగెత్తేవాణ్ణి కాదు, బలమున్నవాణ్ణి కాదు. తొణకనివాణ్ణి.

మొదటి ఏడు కర్రల్లేవు. కొబ్బరి మట్టలు చెక్కుకున్నాం. ఏడాది పొడవునా ఆయన మమ్మల్ని బంతిని కొట్టనివ్వలేదు. ఆపడమే. ఆయన విసురుతారు, మేం ఆపుతాం. నూరుసార్లు, మళ్ళీ నూరుసార్లు. "ఇంటికొచ్చిన సుట్టాన్ని ఆపినట్టు ఆపాలిరా. గుమ్మంలోంచి గెంటేసినట్టు కాదు," అనేవారు. బంతి కర్రకి తగిలి చప్పుడైతే ఆ లెక్క కొట్టేసేవారు. చప్పుడు కాకుండా ఆగితేనే ఒకటి.

ఆ రోజుల్లో మా బతుకు ముళ్ళకంచె లోపల. అడవిలో ఉన్నవాళ్ళకి మేం బియ్యం అందిస్తామేమో అని, చెదురుమదురుగా ఉన్న కూలీ లైన్ల ఇళ్ళన్నీ ఖాళీ చేయించి ఒక్కచోట చేర్చి చుట్టూ కంచె వేశారు. పనికి పోయేటప్పుడు కారేజీ మూత తీసి చూపించాలి. సాయంత్రం ఆరింటికి గేటు మూత. పాదాంగ్ కంచె బయట. అంటే పాలు తూచి, ఇంత తిని, గేటు దాటి, ఆడి, ఆరులోపు లోపలికి రావాలి. కొబ్బరి మట్టలు ఉన్నన్నాళ్ళూ కాపలావాడు వంటచెరుకనుకుని వదిలేశాడు. నిజమైన కర్రలు వచ్చాక పదకొండు బయటికి, పదకొండు లోపలికి అని రాసుకునేవాడు. ఒకసారి పది కర్రలతో తిరిగొచ్చామని పోలీసు జీపు వచ్చింది. పదకొండోది విరిగి పాదాంగ్‌లో పడుంది. డ్రెస్సరుగారు రెండు ముక్కలూ తెచ్చి చూపించి, "దీనికి కట్టు కట్టనా?" అని అడిగారు.

మూడో ఏడు నేను చేసిన పని ఇప్పుడు చెప్పాలి. రాయకుండా దాటేద్దామని రెండు రోజులు చూశాను, కుదరలేదు.

అప్పటికి నేను కెప్టెన్ని. ఇరవై రెండేళ్ళు, తలకాయ నిండా నేనే. మా జట్టు పక్క తోటలవాళ్ళతో సరదాగా ఆడి నాలుగైదుసార్లు గెలిచింది. ఆయన మాత్రం పోటీలకి పంపరు. నెలకోసారి మూల ఉన్న చెట్టుకి టేపు చుట్టి, "తొమ్మిది," అనో "తొమ్మిదింపావు," అనో చెప్పి నడిచిపోతారు. ఆ టేపంటే నాకు ఒళ్ళు మండేది. మనుషులం ఆడుతుంటే చెట్టునేం అడుగుతారు?

అదే సమయంలో ఆయన్ని మలేరియా శిక్షణకని రెండు నెలలు కౌలాలంపూర్ పంపారు. ఆయన అటు వెళ్ళగానే తెలుక్ ఆన్సన్ నుంచి జిల్లా పోటీల కాగితం వచ్చింది. ఇప్పటి తెలుక్ ఇంటాన్‌కి అప్పటి పేరు అది. నేను సంతకం పెట్టేశాను. ఎవరూ వద్దనలేదు, అందరికీ నాకున్న వేడే ఉంది. మా సెంటర్ హాఫ్ ఒక్కడే, "బాబు ఒచ్చేదాకా ఆగుదాంరా," అన్నాడు. అతను మా అందరిలోకీ గొప్ప ఆటగాడు. నేను వినలేదు. కెప్టెన్ నువ్వా నేనా అన్నాను.

పట్నంలో ఉద్యోగస్తుల జట్టు మా మీద తొమ్మిది గోల్స్ కొట్టింది. మేం ఒక్కటీ కొట్టలేదు. నాలుగో గోలు తర్వాత మావాళ్ళకి పిచ్చెక్కింది, నేర్చుకున్నదంతా వదిలేసి కర్రలు ఝళిపించారు. ఆ గొడవలో మా సెంటర్ హాఫ్ మోకాలి మీద కర్ర పడింది. అవతలివాళ్ళది కాదు, మా కర్రే. లారీలో అతని కాలు నా ఒళ్ళో పెట్టుకుని తోటకొచ్చాను. ఆ మోకాలు మళ్ళీ సరిగ్గా వంగలేదు. వారంలోపు నలుగురు ఆట మానేశారు.

డ్రెస్సరుగారు తిరిగొచ్చి ముందు మోకాలు చూశారు. మూడు రోజులు అతని కట్టు తనే మార్చారు. ఆదివారం పొద్దున నన్ను పిలిపించారు. చేతిలో పారాంగ్ కత్తి ఉంది. పాదాంగ్ మూలకి తీసుకెళ్ళారు. మూడేళ్ళ చెట్టు, నాకు రెండింతల ఎత్తు, చిగుళ్ళు ఎర్రగా మెరుస్తున్నాయి. ఆయన మేజోళ్ళు కిందికి జార్చి, కాళ్ళు ఎడంగా పెట్టుకుని, ఆ చెట్టుని మొదలంటా నరికేశారు. ఆరేడు దెబ్బలు పట్టింది. మొద్దులోంచి పాలు తెల్లగా ఊరి మట్టిలోకి జారాయి.

"ఎందుకు బాబూ?" అన్నాను.

"మూడేళ్ళు అయినాయంటున్నాదిది. ఏవీ మూడేళ్ళు? నీకు కనిపిస్తున్నాయేటి?" అన్నారు. కోపం లేదు. జ్వరం ఎంతుందో చెప్పినట్టు చెప్పారు. "ఒకటి నించి మొదలెడదాం. ముందు దొరకి సెప్పాలి."

నేను ఆయన కాళ్ళు పట్టుకున్నాను. దొరకి చెబితే, మూడేళ్ళు దండగ చేశారని రేపే పాదాంగ్ దున్నించేస్తాడు. చెప్పకపోతే చెట్టు తెగులొచ్చి పోయిందనుకుంటాడు, ఏడాదికి ఎన్ని పోవడం లేదు? ఆయన నన్ను లేపి, "నడు," అన్నారు.

బంగళా మెట్ల దగ్గర నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పారు. నా సంతకం సంగతి నన్నే చెప్పమన్నారు. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. దొర చుట్ట వెలిగించాడు.

"నేను ఒప్పుకోను, మొదటి చెట్టు లెక్కే లెక్క అంటే?"

"నాలుగేళ్ళ తర్వాత మీకు జట్టు కనిపించదు. నేల ఎలాగూ మీదే. ఇప్పుడే తీసేసుకోండి."

దొర టోపీ పెట్టుకుని మా ముందు నడిచాడు. పాదాంగ్ మూల కూర్చుని, ఆ మొద్దు మీద వేలు పెట్టి, ఇంకా తడిగా ఉన్న పాలు చూశాడు. ముప్ఫై ఏళ్ళు చెట్లతో బతికిన మనిషి. లేచి, ఇది నాసి రకం, నర్సరీ నుంచి మంచి అంటుమొక్క పంపిస్తాను, ఆరున్నరేళ్ళకే గీతకి వస్తుంది అన్నాడు. "ఏడే పట్టనివ్వండి," అన్నారు డ్రెస్సరుగారు. దొర వెళుతూ వెళుతూ తల ఊపుకున్నాడు, అది పిచ్చివాళ్ళని చూసి ఊపేదో, గుళ్ళో ఊపేదో నాకు అర్థం కాలేదు. కొత్త మొక్క గొయ్యి నా చేతే తవ్వించారు.

మర్నాడు పాదాంగ్‌లో అందరం నిలబడ్డాం. "ఏటి సెయ్యాలి బాబూ?" అని అడిగారు ఎవరో. "ఆపాలి," అన్నారు. కొత్తగా చేరిన పదహారేళ్ళవాళ్ళ పక్కన నిలబడి, కెప్టెన్నైన నేను, మళ్ళీ మొదటి రోజు నుంచి బంతులు ఆపాను. ఏడాదంతా. సిగ్గు ఒక నెల ఉంది. తర్వాత సిగ్గుపడటానికి తీరికలేకపోయింది.

మా సెంటర్ హాఫ్ ఆరు నెలలు గుమ్మం దిగలేదు. ఒకరోజు డ్రెస్సరుగారు అతన్ని సైకిలు మీద కూర్చోబెట్టుకుని తెచ్చి గోలు ముందు దించారు. "నువ్వు పరిగెత్తక్కర్లేదు. నిలబడు. ఆగమన్నోడివి నువ్వొక్కడివే గదా. ఆగడం నీకు తెలుసు," అన్నారు. పోయిన నెల నాకు ఫోన్ చేసిన గోలీ అతనే. నా వల్ల కాలు పోయిన మనిషి. యాభై ఏళ్ళకి పైగా స్నేహంలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

ఇలా ఉండగా మెర్డెకా, అంటే దేశానికి స్వాతంత్ర్యం, వచ్చింది. ఆ పొద్దున తోట ఆఫీసు ముందు కొత్త జెండా ఎగరేశాం, లడ్డూలు పంచారు, తమిళులూ తెలుగువాళ్ళూ మలాయిలూ చీనావాళ్ళూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఊపుకున్నాం. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, దాచుకోలేదు. ఆ సంబరంలో జిల్లా అంతా మెర్డెకా పోటీలు పెట్టారు. మా జట్టు వెళ్ళాల్సిందే అని తోటంతా పట్టు. డ్రెస్సరుగారు టేపు తీసి చెట్టుకి చుట్టారు. పదకొండున్నర. వెళ్ళం అన్నారు. దేశానికి పండగైతే ఈయనకేం రోగం అన్నవాళ్ళున్నారు. దొరల మనిషి అన్నవాళ్ళూ ఉన్నారు. ఆయన వరండాలోకి పదిమంది వెళ్ళి నిలదీశారు, నేనూ వెనక నిలబడ్డాను.

"దేశాన్ని కూడా ఇయాలే గదరా నాటినారు," అన్నారాయన. "దాన్ని రేపే గీసేస్తారేటి?"

వచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చి పంపారు. నాకు అప్పుడు మొదటిసారి అనిపించింది, మేం ఆడుతున్నది ఒక ఆట, ఈయన ఆడుతున్నది ఇంకొకటి అని.

మరుసటి ఏడు దొర ఉద్యోగం వదిలి తన దేశం వెళ్ళిపోయాడు. కొత్త మేనేజరు ఇక్కడ పుట్టినవాడే, కుర్రాడు, మర్యాదస్తుడు. పాదాంగ్ బాగుందనేవాడు. దొరతో ఒప్పందం సంగతి అతనికి తెలియదు. కాగితం లేదు. చెయ్యి కలిపిన ఇద్దరిలో ఒకడు సముద్రం దాటిపోయాడు. ఊరుకుంటే నేల మాదే. ఆ ధైర్యంతోనే నేను రెండేళ్ళు హాయిగా ఆడాను.

ఎమర్జెన్సీ ముగిసిందని చెప్పి కంచెలు పీకేసిన ఏడు, ఒక మధ్యాహ్నం టేపు ఇరవై చూపించింది. మేమంతా చుట్టూ ఉన్నాం. ఆయన రెండుసార్లు చుట్టి చూశారు. టేపు మెడలో వేసుకుని, సైకిలెక్కి, నేరుగా మేనేజరు ఆఫీసుకి పోయారు. మొత్తం చెప్పేశారు. ఈ ఏడు కప్పు రాకపోతే పాదాంగ్‌లో మొక్కలు వేసుకోండి, అది మీ హక్కు, పాత దొర మీకు చెప్పి ఉండడు, నేను చెబుతున్నాను, అని. ఆ కుర్ర మేనేజరు ఏమనాలో తెలియక కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట.

నేను ఆయన మీద మండిపడ్డాను. అడిగే దిక్కులేని మాట ఎందుకు చెప్పారు, పదేళ్ళ కష్టం ఒక్క ఆట మీద పెట్టేశారు అని అరిచాను. ఆయన నా బొటనవేలి మీద పాత మచ్చ చూస్తూ, "మాట ఇచ్చింది దొరకి కాదురా," అన్నారు. మరి ఎవరికి అని నేను అడగలేదు. లారీలో వెళ్ళి తిరిగిరాని వాళ్ళు ఎవరో నాకు తెలుసు.

ఫైనలు తెలుక్ ఆన్సన్‌లో, నన్ను తొమ్మిది గోల్స్‌తో పంపిన అదే మైదానంలో. తోటంతా లారీల్లో వచ్చింది. కొత్త మేనేజరు కూడా వచ్చి గీత పక్కన నిలబడ్డాడు. మొదటి సగంలో ఎవరికీ గోలు లేదు. విరామంలో డ్రెస్సరుగారు నేల గురించి ఎత్తలేదు, ఉప్పు వేసిన నీళ్ళు అందరికీ గ్లాసుల్లో పోసి ఇచ్చారు. రెండో సగంలో వాళ్ళ సెంటర్ ఫార్వర్డ్ కొట్టిన బంతి నా మీదికి వచ్చింది. అంత జోరుగా వచ్చిన బంతిని నేను అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. కర్ర వంచాను. అది చప్పుడు కాకుండా ఆగిపోయింది. అవతలివాళ్ళు ఒక్క క్షణం బంతి ఎక్కడుందో వెతుక్కున్నారు. ఆ క్షణంలో నేను తోసిన బంతిని మా కుర్ర ఫార్వర్డ్ గోల్లో పెట్టాడు.

చివర్లో వాళ్ళకి పెనాల్టీ కార్నర్ వచ్చింది. మా గోలీ వంగని మోకాలు నేలకి ఆనించి నిలబడ్డాడు. బంతి ఆ మోకాలి కట్టుకే తగిలి అక్కడే పడిపోయింది. ఆట అయిపోయిందని ఈల వేశారు. నేను పరిగెత్తింది కప్పు దగ్గరికి కాదు, అతని దగ్గరికి. ఇద్దరం నేలమీద కూర్చుని చిన్నపిల్లల్లా ఏడ్చాం. మేనేజరు డ్రెస్సరుగారి చెయ్యి పట్టుకుని, పాదాంగ్ మీదే సార్ అన్నాడు. ఆయన మొహంలో ఏం కనిపిస్తుందా అని చూశాను. గోలీ మోకాలికి వాపొచ్చిందేమో అని అటు చూస్తున్నారు.

మర్నాడు మధ్యాహ్నం మమ్మల్నందర్నీ పాదాంగ్ మూలకి రమ్మన్నారు. నా చేతికి గీత కత్తి ఇచ్చారు. ఆ చెట్టుకి మొదటి గీత నేను గీశాను. పాలు గీత వెంబడి దిగి, రేకు మీదుగా చిప్పలో ఒక్కొక్క చుక్కే పడింది. పదకొండు మందిమీ చిప్ప నిండేదాకా అలా నిలబడిపోయాం.

తలెత్తి చూస్తే ఆయన లేరు. పాదాంగ్ రెండో మూల గునపంతో గొయ్యి తవ్వుతున్నారు. పక్కన ఇంకో అంటుమొక్క.

"ఇప్పుడే గెలిచినాం గదా బాబూ," అన్నాను.

"అందుకే. ఇయాల్టి నించి మీరు గీతలో ఉన్న చెట్లు. రోజూ కొంచెం తరుగుతారు. కొత్తది ఇప్పుడు నాటకపోతే ఎప్పుడు నాటుతాం?"

అప్పటి నుంచి పాదాంగ్ మూలల్లో చెట్లు లేస్తూనే ఉన్నాయి. రెండో చెట్టుకి కప్పు వచ్చింది. మూడో చెట్టుకి రాలేదు. మళ్ళీ నరుకుతారేమో అనుకున్నాను. నరకలేదు. ఓడిపోవడం వేరు, తొందరపడటం వేరు అన్నారు. తోట చేతులు మారింది, రబ్బరంతా తీసేసి పామాయిల్ వేశారు, మనుషులు పట్నాలకి, ఫ్యాక్టరీలకి పోయారు. చుట్టూ ఎటు చూసినా పామాయిల్ మట్టలే. ఆ మధ్యలో పచ్చటి పాదాంగ్, దాని మూలల్లో మూడు ముసలి రబ్బరు చెట్లు.

నాలుగో మూల ఆయన మూడేళ్ళ కిందట మొక్క నాటారు. అప్పటికి ఆయనకి ఎనభై నాలుగు. ఈసారి ఆడపిల్లల జట్టు. నేను చూడ్డానికి వెళ్ళి, "ఏడేళ్ళు ఆగి ఎవరు కొలుస్తారు బాబూ?" అని వేళాకోళం ఆడాను. ఆయన నవ్వలేదు. "నేనే కొలవాలని ఏటుంది? టేపుంటే సాలు," అన్నారు.

దహనం అయ్యాక ఆయన కోడలు లోపల్నుంచి ఒక చిన్న సంచి తెచ్చి నాకిచ్చింది. మామయ్య మీకిమ్మన్నారు అంది. విప్పకుండానే తెలిసింది. మైనపు గుడ్డ టేపు, పసుప్పచ్చగా మారి, అంకెలు సగం అరిగిపోయింది. ఇరవై దగ్గర మాత్రం ఎర్ర సిరా గీత, ఎన్నిసార్లు దిద్దారో, కొత్తగా ఉంది. కావలించుకుని ఏడవడానికి మనిషి లేక ఆ టేపు గుప్పిట్లో పట్టుకుని ఏడ్చాను.

సాయంత్రం నేనూ గోలీ పాదాంగ్‌కి నడిచాం. ఆడపిల్లలు వచ్చి ఉన్నారు, తాతకి దణ్ణం పెట్టుకుని ఆట మొదలుపెడదామని. వాళ్ళ కెప్టెన్‌కి పదిహేడేళ్ళు ఉంటాయి. మా భాష అర్థమవుతుంది, మాట్లాడటం తక్కువ, మాట చివర ఇక్కడివాళ్ళందరిలా 'లా' తగిలిస్తుంది, కౌలాలంపూర్‌ని కేఎల్ అంటుంది. చేతిలో ఒక కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"తాతా, కేఎల్‌లో టోర్నమెంట్ లా. ఈ ఏడు ఎల్లొచ్చా? మేం బాగా ఆడతాం లా. డ్రెస్సర్ తాత పేరు మీద ఆడతాం."

ఆ కాగితం కింద కెప్టెన్ సంతకానికి చోటు ఖాళీగా ఉంది. గోలీ వైపు చూశాను. అతను నా వైపు చూడలేదు, కిందికి వంగి మోకాలు రాసుకుంటున్నాడు. ఆ పిల్ల కళ్ళలో ఉన్న వేడి నాకు తెలుసు.

నాలుగో మూలకి వెళ్ళి టేపు తీశాను. పిల్లలందరూ చుట్టూ చేరారు. మూడున్నర అడుగుల ఎత్తు చూసి చుట్టాను. సన్నటి, నున్నటి బెరడు, లోపల ఇంకా పిల్లతనం. వేలు పెట్టి అంకె చూశాను, కంటికి ఆనక ఆ పిల్లనే చదవమన్నాను.

"తొమ్మిది," అంది.

కాసేపు ఆ అంకెనే చూసింది. తర్వాత ఎర్ర గీత ఎక్కడుందో వెతికి, మధ్యలో ఎంత దూరముందో వేళ్ళతో కొలుచుకుంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మేజోడులో దోపుకుంది. కర్ర తీసుకుని గీత మీదికి నడిచి, వంగి నిలబడి, విసరమన్నట్టు నా వైపు చూసింది.

డెబ్బై ఆరేళ్ళ చేత్తో బంతి విసిరాను. అది పచ్చికలో దొర్లుకుంటూ పోయి ఆమె కర్ర దగ్గర ఆగింది. ఎంత చెవి పెట్టినా చప్పుడు వినపడలేదు.